హస్తవాసిలో ఏముంది?

 

ఈ స్మారకోపన్యాసానికి విషయం ఏమిటని నిర్వాహకులు ఫోన్ చేసి అడిగితే నేను ఆలోచించుకోవడానికి గడువు అడగలేదు. మా ఊళ్ళో, మాకు చేత్తో వైద్యం చేయడం నేర్పిన మాస్టారి గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒక్క మాట దగ్గరికే వచ్చేవారు: "ఆయన హస్తవాసి మంచిదండీ." మెడ పట్టేసినా, నడుం పట్టేసినా, భుజం పైకి లేవకపోయినా, ఎక్సరేలూ మాత్రలూ అన్నీ అయ్యాక ఆ రెక్సిన్ బల్ల మీదికే చేరేవారు. మాస్టారికి మాత్రం ఆ పొగడ్త నచ్చేది కాదు. "హస్తవాసి అంటే ఏమిట్రా? నా చేతిలో నాకే తెలియనిది ఏదో ఉందనేగా. తెలియకపోతే తెలుసుకోవాలి గానీ దండం పెట్టి ఊరుకుంటే ఎలా?" అనేవారు. ఆ ప్రశ్న మాకు అప్పగించి వెళ్ళిపోయారు. ముప్ఫై ఏళ్ళుగా నడుములూ మెడలూ పట్టుకుంటూ, దొరికిన పరిశోధనల్లా చదువుకుంటూ నేను పోగుచేసుకున్న జవాబు ఈ సాయంత్రం మీ ముందు పెడతాను. అది మాస్టారు అప్పట్లో మాకు నేర్పిన జవాబు కాదు. కొన్నిచోట్ల దానికి పూర్తిగా ఎదురు. ఆయన ఉంటే ముందు వాదించి, తర్వాత సంతోషించేవారని నా నమ్మకం.

ఆయన పని చేసే తీరు చూడనివాళ్ళ కోసం చెబుతాను. మనిషిని బోర్లా పడుకోబెట్టాక వెంటనే చెయ్యి వేసేవారు కాదు. అరచేతులు రెండూ రుద్దుకునేవారు. చలికాలమైతే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తుడుచుకునేవారు. తర్వాత కుడి అరచెయ్యి నడుం మీద ఊరికే ఆనించి, రెండు ఊపిర్లు వచ్చి వెళ్ళేదాకా కదిలించేవారు కాదు. అప్పుడు బొటనవేలు వెన్ను పక్కనుంచి మెల్లగా కిందికి జరిగేది. ఒకచోటికి వచ్చేసరికి బల్ల మీది మనిషి "అదే మాస్టారూ, అక్కడే" అనేవాడు. వేలు అక్కడ ఆగేది. నిమిషం, నిమిషంన్నర. "ఆ, వదిలింది" అనేవారు మాస్టారు. పడుకున్నవాడు కూడా "వదిలిందండీ" అనేవాడు.

ఆ "అక్కడే"కీ ఈ "వదిలింది"కీ మధ్య ఏం జరిగింది? నా ఉపన్యాసమంతా ఆ నిమిషంన్నర గురించే.

మాకు మొదట చెప్పిన జవాబు సులువైనది. కండ ముడి పడింది, మనం విప్పాం. కొన్నేళ్ళు పోయాక ఇంకో జవాబు వచ్చింది. తప్పు కండది కాదు, కండ చుట్టూ ఉన్న పొరది. అది అతుక్కుపోయింది, మనం సాగదీసి విడదీశాం. ఆ పొర పేరు ఫేషియా. తెలుగులో దానికి నలుగురూ వాడే పేరు లేదు కాబట్టి నేను పొర అనే అంటాను.

ఎనాటమీ హాల్లో ఆ పొరకి మేం ఇచ్చిన మర్యాద ఇదీ: ఫార్మలిన్ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, ఫోర్సెప్స్‌తో పట్టుకుని గీకి గీకి తీసేవాళ్ళం. కింద ఉన్న కండ పుస్తకంలో బొమ్మలా శుభ్రంగా కనిపించాలి. కనిపిస్తేనే మార్కులు. తీసిన పొరంతా బల్ల కింది బకెట్‌లోకి పోయేది. ఎన్నో తరాల వైద్య విద్యార్థులు చేసింది ఇదే. ఒంట్లో తల నుంచి కాలిదాకా తెగకుండా సాగే ఒక నిర్మాణాన్ని, మిగతావి చూడటానికి అడ్డమని పారేశాం.

దాని సంగతి మాకంటే ముందు తెలిసినవాళ్ళు వంటింట్లో ఉన్నారు. వేటమాంసం తెచ్చిన రోజు మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని తొడ ముక్క విడదీసేది. రెండు కండల మధ్య వేలు దూర్చి లాగితే పల్చటి తెల్లటి పొర తడిసిన సాలెగూడులా సాగి, మెరిసి, తెగేది. దాని మీద వేలు జారిపోయేది. అదే పొర కండ చివరికి వచ్చేసరికి గట్టిపడి కత్తికి లొంగని పట్టీ అయ్యేది. మెత్తగా జారేదీ, తాడులా బిగిసేదీ ఒక్కటే. బత్తాయిలో తొక్క కింద ఒక పొర, తొన చుట్టూ ఒక పొర, తొన లోపల రసం నిండిన ఒక్కో గింజకీ ఒక పొర ఉన్నట్టు, మన ఒంట్లో చర్మం కింద, కండ చుట్టూ, కండలోని పోచ పోచకీ అది ఉంటుంది. మన నడుం వెనక ఉన్నది అందులో దళసరి రకం. అనేక పొరలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, వాటి మధ్య హయలురోనాన్ అనే జిగురు ద్రవం ఉండి, వంగినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి.

చేత్తో వైద్యం చేసేవాళ్ళు ఈ పొర మీద మనసు పడటం కొత్తేమీ కాదు. అమెరికాలో ఆస్టియోపతీ స్థాపించిన ఆండ్రూ టేలర్ స్టిల్ 1899లో అచ్చయిన తన పుస్తకంలోనే దానికి పెద్దపీట వేశాడు. తర్వాత ఐడా రోల్ఫ్ వచ్చింది. 1920లోనే కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న మనిషి. ఈ పొర గడ్డకట్టిన జిగురు లాంటిదనీ, వేళ్ళ ఒత్తిడికీ వేడికీ కరిగి కొత్త రూపానికి వస్తుందనీ ఆమె ఊహ. మనం ఇవాళ "రిలీజ్" అంటున్న మాటకి వేరు ఆ ఊహలోనే ఉంది. ఎవరూ కొలిచి చూడకుండానే అది దశాబ్దాలపాటు శిక్షణ తరగతుల్లో సత్యంగా చలామణీ అయింది.

కొలవడం మొదలైంది ఇటీవలే. 2007 అక్టోబరులో బోస్టన్‌లో, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో, ఫేషియా మీద మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. వైద్యుడూ పరిశోధకుడూ అయిన థామస్ ఫిండ్లీ, జర్మనీ నుంచి రాబర్ట్ ష్లైప్ వంటివాళ్ళు దానికి పూనుకున్నారు. ష్లైప్ అంతకుముందు రోల్ఫ్ పద్ధతిలో చేతులతో పనిచేసిన మనిషి; తన వేళ్ళ కింద కరుగుతున్నదేమిటన్న సందేహంతోనే ప్రయోగశాలకి వెళ్ళి ఉల్మ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశాడు. ఆ సభలో మర్దన చేసేవాళ్ళూ కణాల మీద పరిశోధన చేసేవాళ్ళూ ఒకే హాల్లో కూర్చున్నారు. మాస్టారు చూసి ఉండాల్సిన సభ అది.

ఆ కొలతల్లో కొన్ని మన చేతులకి ధైర్యమిచ్చాయి. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో హెలెన్ లాంజెవిన్ బృందం 121 మంది నడుముల్ని అల్ట్రాసౌండ్‌తో చూసింది. వాళ్ళలో 71 మందికి దీర్ఘకాలపు నడుం నొప్పి, 50 మందికి లేదు. పడుకోబెట్టి బల్లతోపాటు నడుముని నెమ్మదిగా వంచుతూ పొరలు ఎంత జారుతున్నాయో కొలిచారు. నొప్పి ఉన్నవాళ్ళలో ఆ జారుడు సుమారు 20 శాతం తక్కువ. 2011లో వచ్చిన ఫలితం ఇది. అదే ఏడాది సీగ్‌ఫ్రీడ్ మెన్సే బృందం నడుం పొరలో నొప్పి కబురు మోసే నరాల కొసలు ఉన్నాయని ఎలకల్లోనూ మనుషుల్లోనూ చూపించింది. ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయంలో కార్లా స్టెక్కో పొరల మధ్య ఉండే ఆ జిగురు ద్రవాన్ని పట్టుకుని, అది చిక్కబడితే జారుడు తగ్గుతుందని ప్రతిపాదించింది. బకెట్‌లో పారేసిన పొర ప్రాణమున్నదనీ, నొప్పి తెలిసినదనీ తేలింది.

లాంజెవిన్‌ది ఇంకో ప్రయోగం ఉంది, నాకు చాలా ఇష్టం. ఆక్యుపంక్చర్ సూదిని ఒంట్లో గుచ్చి తిప్పితే కింది పొరలోని పోగులు దానికి చుట్టుకుంటాయి, తిరునాళ్ళలో పుల్లకి పీచుమిఠాయి చుట్టుకున్నట్టు. సూది వెనక్కి లాగితే పట్టుకున్నట్టు తెలుస్తుంది. అంటే గుచ్చేవాడి వేలికి తెలిసే ఆ "పట్టు" భ్రమ కాదు. చేతికి తెలిసేవి అబద్ధాలు కావన్నమాట. వాటికి మనం చెప్పుకునే అర్థాలే అబద్ధాలు కావచ్చు.

ఆ హెచ్చరిక కూడా ఈ పొర మీద పరిశోధన చేసినవాళ్ళ నుంచే వచ్చింది. 2008లో హన్స్ చౌదరి, ష్లైప్, ఫిండ్లీ కలిసి ఒక లెక్క వేశారు. తొడ పక్కన ఉండే దళసరి పొరనీ, అరికాలి పొరనీ చేత్తో ఒత్తి ఒక్క శాతం నలపాలన్నా, ఒక్క శాతం పక్కకి జరపాలన్నా ఎంత బలం కావాలి? మనిషి చెయ్యి ఇవ్వగలిగే బలానికి అది ఎక్కడో అవతల ఉందని తేలింది. ముఖం మీది మెత్తటి పొరలైతే వేరు. కానీ ఏ నడుములో, ఏ తొడలో, ఏ మడమలో మనం "పొర సాగదీశాం" అని చెప్పుకుంటున్నామో అక్కడ మన బొటనవేలు దాన్ని సాగదియ్యలేదు. ఈ పొర కోసమే బతికినవాళ్ళు, తమ నమ్మకానికి తామే ఎదురుగా వచ్చిన ఈ లెక్కని దాచకుండా అచ్చేశారు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

మొదటిసారి అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరి మాస్టారి వేలి కింద వదిలిందేమిటి?

ఈ ప్రశ్నకి ఇంకో రెండు ప్రయోగాలు దారి చూపించాయి. మొదటిది 1998 నాటిది. తుంటి దగ్గరి సేక్రోఇలియాక్ కీలు "తప్పింది" అని చెప్పి సరిచేస్తుంటాం కదా. టుల్‌బెర్గ్ బృందం 10 మందికి ఎముకల్లో చిన్న లోహపు గుళ్ళు అమర్చి, సరిచేయక ముందూ తర్వాతా అతి సూక్ష్మంగా ఎక్సరే కొలతలు తీసింది. చేత్తో పరీక్షించినవాళ్ళు కీలు సర్దుకుందన్నారు. ఎముక మాత్రం ఉన్నచోటే ఉంది. రెండోది 2011లో అమెరికాలో డేనియల్ చెర్కిన్ బృందం చేసింది. దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 401 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి కండలూ పొరలూ వెతికి పట్టుకుని చేసే నైపుణ్యపు మర్దన. రెండో గుంపుకి ఒళ్ళంతా హాయిగా ఉండే మామూలు మర్దన. మూడో గుంపుకి మామూలుగా అందే వైద్యం. పది వారాలకి మర్దన జరిగిన రెండు గుంపులూ మూడోదానికంటే బాగున్నాయి. ఆ రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా చదవచ్చు. "మన నైపుణ్యమంతా వృథా" అని బాధపడొచ్చు. నేను అలా చదవలేదు. మామూలు మర్దన కూడా పనిచేసింది, అందుకు పొర కరగాల్సిన అవసరం రాలేదు. అయితే పనిచేసింది పొర కాదు, పొరలోనూ చర్మంలోనూ ఉన్న నరాలు. 2009లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన బియాలోస్కీ బృందం దీన్నే ఒక నమూనాగా రాసింది: చేతి ఒత్తిడి ఒక మీట మాత్రమే, అది నొక్కగానే వెన్నుపాములో, మెదడులో, కండ బిగువులో, రోగి ఎదురుచూపులో వరసగా మార్పులు మొదలవుతాయి. తలకి గుమ్మం తగలగానే మనం అక్కడ గబగబా రుద్దుకుంటామే, అందులో ఉన్న సంగతిని 1965లోనే మెల్జాక్, వాల్ ద్వారపు సిద్ధాంతంగా చెప్పారు. స్పర్శ కబురు వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకి తలుపు వారగా వేస్తుంది.

ఇక నిదానమైన స్పర్శ. చర్మంలో కొన్ని సన్నటి నరాలు మెల్లటి నిమురుకే బాగా పలుకుతాయని స్వీడన్ పరిశోధకులు 2009లో చూపించారు. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగం వాటికి ఇష్టం. అంతకంటే తొందరపడ్డా, మరీ నెమ్మదించినా అంత బాగా పలకవు. పసిపిల్లకి నలుగు పెట్టే అమ్మమ్మ చెయ్యి నడిచేది సుమారుగా ఆ వేగంతోనే. మాస్టారి బొటనవేలు వెన్ను పక్కన జరిగే వేగాన్ని నేనెప్పుడూ కొలవలేదు గానీ, నా కళ్ళలో ఉన్న జ్ఞాపకం ఆ అంకెకి దగ్గరగానే ఉంది.

హస్తవాసికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన ప్రయోగం ఒకటుంది. దాన్ని కాస్త విడమరిచి చెబుతాను, ఎందుకంటే మన క్లినిక్కుల్లో రోజూ జరిగే పని మీదే అది జరిగింది. మన దగ్గరికి వచ్చేవాళ్ళు "కరెంటు పెట్టించుకుంటున్నామండీ" అంటుంటారు. ఐఎఫ్‌టి మిషను. నడుం మీద నాలుగు ప్యాడ్లు అంటించి, మీట తిప్పి, పక్క గదిలోకి పోతాం. 2014లో కెనడాలోని ఆల్బర్టాలో ఫ్యుయెంతెస్ బృందం 117 మంది నడుం నొప్పి రోగుల్ని నాలుగు గుంపులు చేసింది. కొందరికి నిజంగా కరెంటు. కొందరికి ప్యాడ్లు అంటించారు గానీ కరెంటు ఇవ్వలేదు. ఈ రెండు రకాల్లోనూ సగం మందికి థెరపిస్టు ముక్తసరిగా మాట్లాడి గదిలోంచి వెళ్ళిపోయాడు. మిగతా సగానికి పక్కన ఉండి, నొప్పి గురించీ బతుకు గురించీ అడిగి, చెప్పింది శ్రద్ధగా విన్నాడు. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలిచారు. ఉత్తుత్తి కరెంటు, ముక్తసరి మాట: 1.03 తగ్గింది. నిజం కరెంటు, ముక్తసరి మాట: 1.83. ఉత్తుత్తి కరెంటు, మనసుపెట్టి విన్న మాట: 2.22. నిజం కరెంటూ మనసుపెట్టి విన్న మాటా రెండూ ఉంటే: 3.13.

మరొక్కసారి చూడండి. పక్కన కూర్చుని విన్న మనిషి, కరెంటే లేని మిషనుతో, మీట తిప్పి వెళ్ళిపోయిన మనిషి కంటే ఎక్కువ నొప్పి తగ్గించాడు. హస్తవాసి అని మన పెద్దలు పేరు పెట్టినదానికి ఇది కొలత. మాస్టారు చేతులు వేడి చేసుకోవడం, రెండు ఊపిర్లు ఆగడం, "ఇక్కడేనా అమ్మా" అని అడగడం వైద్యానికి ముందు జరిగే మర్యాద అనుకున్నాను ఇన్నేళ్ళూ. అవి వైద్యంలో భాగం. అది తెలిశాక నేను మిషను ఉన్న గదిలోనే నా కుర్చీ వేసుకున్నాను.

మాటకి అంత బలం ఉంటే అది రెండో వైపు కూడా కోస్తుంది. ఇది చెప్పడం నాకు కష్టం, కానీ చెప్పాలి.

ఇరవై ఏళ్ళ కిందట ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. నాట్లకీ కలుపులకీ వెళ్ళే మనిషి. ఎంఆర్‌ఐ ఫిల్ముని పెద్ద ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, బస్సులో అది నలిగిపోకుండా ఒళ్ళో నిలబెట్టి పట్టుకుని తెచ్చింది. నేను దాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చూసి, వేలుపెట్టి చూపించి, "డిస్కు జారిందమ్మా, నరాన్ని నొక్కుతోంది. వంగొద్దు, బరువెత్తొద్దు" అన్నాను. వారంపాటు కరెంటు పెట్టి పంపించేశాను. మూడేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో కనిపించింది. నడుముకి బెల్టు, కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. పొలం మానేసింది. మనవడు వచ్చి కాళ్ళకి చుట్టుకుంటే ఎత్తుకోలేదు. నేను అడిగితే, "మీరే చెప్పారు గదా బాబూ, వంగితే నరం తెగిపోద్దని" అంది. నేను ఆ మాట అనలేదు. కానీ ఆమెకి వినిపించింది ఆ మాటే, మూడేళ్ళు ఆమె బతుకుని నడిపించిందీ ఆ మాటే.

ఆమెకి నేను అప్పుడు చెప్పలేకపోయిన సంగతి ఇది. 2015లో బ్రింజిక్జీ బృందం 33 అధ్యయనాల్ని కలిపి, ఏ నొప్పీ లేని 3110 మంది వెన్ను చిత్రాల్ని లెక్కకట్టింది. డిస్కు అరిగినట్టు కనిపించినవాళ్ళు ఇరవై ఏళ్ళ వయసులో 37 శాతం, ఎనభై ఏళ్ళ వయసులో 96 శాతం. డిస్కు ఉబ్బు యాభై ఏళ్ళ వయసులో 60 శాతం మందికి ఉంది. మళ్ళీ చెబుతున్నాను, వీళ్ళెవరికీ నడుం నొప్పి లేదు. తల నెరిసినట్టే డిస్కు అరుగుతుంది. నెరిసిన వెంట్రుకని చూపించి తలనొప్పికి కారణం ఇదేనని ఎవరూ అనరు. డిస్కు నరాన్ని నొక్కి కాలు చచ్చుబడే సందర్భాలు ఉన్నాయి, అవి వేరు. ఆమెది అది కాదు. న్యూజీలాండ్‌లో బెన్ డార్లో బృందం 23 మంది నడుం నొప్పి రోగులతో వివరంగా మాట్లాడి 2013లో రాసిన వ్యాసం చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. వైద్యులు అన్న మాటలు రోగుల్లో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయని, "నడుముని కాపాడుకోవాలి" అన్న సలహా భయంగా మారుతుందని అందులో ఉంది.

ఆమెని మళ్ళీ రమ్మన్నాను. ఈసారి బల్ల మీద గడిపింది తక్కువ. నా చెయ్యి ఆమె నడుం మీద ఉంచి, కూర్చుని కొంచెం ముందుకి వంగమన్నాను. చెయ్యి ఉందన్న ధీమాతో వంగింది. మర్నాడు ఇంకొంచెం. తర్వాత చీపురు. తర్వాత అరబిందె నీళ్ళు. రెండు నెలలు పట్టింది. చేతి అసలైన పని ఇదేనని నేను నమ్ముతాను: నొప్పిని కాసేపు పక్కకి జరిపి, ఆ కాసేపట్లో మనిషిని కదిలించడం. 2019లో రుబిన్‌స్టైన్ బృందం 47 ప్రయోగాల్నీ 9211 మందినీ కలిపి చూస్తే, దీర్ఘకాలపు నడుం నొప్పికి చేత్తో వెన్ను సరిచేసే పద్ధతి వ్యాయామం లాంటి మిగతా మంచి వైద్యాలతో సమానంగా పనిచేసిందే తప్ప వాటిని దాటిపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో నొప్పి గురించి చెప్పి అర్థం చేయించడం, వ్యాయామం, మానసిక చికిత్సలతోపాటు మర్దనకీ చోటు ఇచ్చింది. నడుం బెల్టుల్నీ, నడుం లాగే ట్రాక్షన్‌నీ వద్దంది. మన క్లినిక్కుల్లో ఈ రెండూ ఇంకా ఎంత విరివిగా నడుస్తున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన పల్లెల్లో ఇంకో వైద్యం ఉంది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకుంటారు. మా పెదనాన్నని మా వీధిలో ఒకతను తొక్కడం నేను కళ్ళారా చూశాను. తెల్లవారుజామున గడప దగ్గర బోర్లా పడుకోబెట్టి, మడమతో మూడుసార్లు. పెదనాన్న లేచి నడిచాడు. దాన్ని చూసి ఈసడించుకునేవాళ్ళతో నేను కలవను. హఠాత్తుగా పట్టిన నడుం చాలామందికి కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. దానికి తోడు నమ్మకం, ఒత్తిడి, పక్కన నిలబడ్డ పదిమంది ఆదరణ. మనం ఇందాక చూసిన దినుసులన్నీ అక్కడున్నాయి. కానీ ఎముకలు గుల్లబారిన ముసలమ్మ వెన్ను మీద ఆ మడమ పడితే పూస చితికిపోతుంది. వెన్నుకి క్షయ పట్టినవాళ్ళు మన దేశంలో ఇంకా ఉన్నారు. మంగలి షాపులో తల మర్దన చేసి మెడ ఠక్కున విరిచే అలవాటు కూడా అంతే. మెడలోని రక్తనాళం చీలడం అరుదే, కానీ చీలితే పక్షవాతం. జ్వరంతో నడుం నొప్పి, తగ్గిపోతున్న బరువు, చచ్చుబడుతున్న కాలు, ఆగిపోయిన మూత్రం, పెద్ద వయసులో పడ్డ దెబ్బ: వీటిలో ఏది ఉన్నా చెయ్యి వెయ్యకండి, డాక్టరు దగ్గరికి పంపండి. ఎప్పుడు ముట్టుకోకూడదో తెలిసిన చెయ్యికే హస్తవాసి అన్న మాట తగును.

ఫిజియోథెరపీ విద్యార్థులకి ఒక మాట. రెండు రోజుల వర్క్‌షాపులో పొరని కరిగించడం నేర్పుతామనీ, ఇనుప పనిముట్లతో అతుకులు విడదీస్తామనీ ప్రకటనలు మీ ఫోన్లలోకి వస్తుంటాయి. వెళ్ళండి, చేతి నేర్పు ఎక్కడ దొరికినా నేర్చుకోండి. కానీ అక్కడ విన్న కారణాన్ని రోగికి అప్పజెప్పే ముందు అది ఎవరు కొలిచారో అడగండి. వ్యాయామం తర్వాత మర్దన చేస్తే "లాక్టిక్ యాసిడ్ పోతుంది" అని నేనూ ఏళ్ళ తరబడి చెప్పాను. 2012లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 11 మంది యువకుల తొడ కండలోంచి ముక్క తీసి చూస్తే, మర్దన వల్ల వాపుని పెంచే సంకేతాలు తగ్గాయి గానీ లాక్టిక్ యాసిడ్‌లో మార్పు లేదు. ఫలితం నిజం, కారణం తప్పు. మన వృత్తి చరిత్రలో ఇది పదే పదే జరిగింది. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఫిజియోథెరపీకి దేశమంతటా ఒక గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వచ్చినవాళ్ళు తమ మాటకి పూచీ పడాలి.

మాస్టారింటి అమ్మగారికీ, ఆయన స్మారక నిధి నిర్వాహకులకీ ఒక మనవితో ముగిస్తాను. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉందని లెక్క. నేను ఈ సాయంత్రం చెప్పిన ప్రయోగాలు వెర్మాంట్‌లో, ఆల్బర్టాలో, పాదువాలో జరిగినవి. మన వరి మళ్ళలో రోజంతా వంగి నాట్లు వేసే ఆడవాళ్ళ నడుం గురించి, గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చునే నేతగాళ్ళ మెడ గురించి అక్కడివాళ్ళు వచ్చి రాయరు. మాస్టారి పేరు మీద జమ అయిన సొమ్ము మీద ఏటా వడ్డీ వస్తుంది. ఆ వడ్డీతో ఏడాదికి ఒక్క విద్యార్థిని ఒక్క మండలానికి పంపండి. నాట్లకి ముందూ, నాట్లు అయ్యాకా, కోతలప్పుడూ వాళ్ళకి నొప్పి ఎంత ఉంది, దాని గురించి ఎవరు వాళ్ళకి ఏం చెప్పారు, చెప్పాక వాళ్ళు ఏ పని మానేశారు, ఈ మూడూ వాళ్ళ మాటల్లోనే రాయించండి. మొదటి ఏడాది రాసిన కాగితాలు చదివి సరిచూసే పని నేను చేస్తాను. నాకు దానికి పారితోషికం అక్కర్లేదు. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఆ విద్యార్థి చేత మాట్లాడించండి.